కరో లా మంచు, కృష్ణా తీరం

టిబెట్‌లో లాసా నుంచి గ్యాంత్సే మీదుగా షిగాత్సే వెళ్లే పాత దారి, యమ్‌డ్రోక్ సరస్సు పడమటి ఒడ్డున ఉన్న నాగార్త్సే ఊరు దాటాక మెల్లగా ఎత్తెక్కుతూ, సముద్రమట్టానికి సుమారు 5,000 మీటర్ల ఎత్తున కరో లా అనే కనుమను దాటుతుంది. అక్కడ రోడ్డుకు ఉత్తరాన 7,191 మీటర్ల నోజిన్ కాంగ్‌త్సాంగ్ శిఖరం ఉంది. దాని భుజాల మీది నుంచి ఒక హిమానీనదం, అంటే తన బరువుకు తానే లొంగి ఏళ్ల తరబడి పల్లానికి జారుతూ ఉండే మంచుగడ్డ, రోడ్డు అంచుకు కొన్ని వందల మీటర్ల దూరం వరకు దిగివచ్చి ఆగుతుంది. గంగోత్రి హిమానీనదం కొసను చూడాలంటే గుడి దగ్గర బస్సు దిగి గోముఖ్ దాకా దాదాపు 18 కిలోమీటర్లు నడవాలి. కరో లాలో బస్సు కిటికీలోంచే కనిపిస్తుంది. కనుమ దగ్గర తెల్లని చైత్యమూ, గాలికి రెపరెపలాడే అయిదు రంగుల ప్రార్థనా పతాకాలూ ఉంటాయి. టిబెటన్లకు ఆ శిఖరం ఒక యక్షుడి నెలవు, కాబట్టి దాని మంచు కూడా పవిత్రమైనదే.

ఈ కనుమ చరిత్రకూ ఎక్కింది. 1904 మే 6న యంగ్‌హస్బండ్ దండయాత్రలోని బ్రిటిష్ భారత సైన్యం, కనుమకు అడ్డంగా టిబెటన్లు కట్టిన రాతిగోడను ఛేదించడానికి ఇక్కడ పోరాడింది. గోడను పైనుంచి దెబ్బతీయడానికి గూర్ఖా సిపాయిలు 5,500 మీటర్ల ఎత్తు దాకా కొండ ఎక్కవలసి వచ్చింది. చరిత్రలో అత్యంత ఎత్తున జరిగిన యుద్ధాల జాబితాల్లో దీని పేరు తప్పకుండా కనిపిస్తుంది.

కృష్ణా తీరపు పాఠకుడికి ఇంత దూరపు మంచుతో ఏం పని అన్న ప్రశ్న సహజమే కాని, దారి రెండువైపులా నడిచినదే. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని తొలిసారి బోధించిన చోటు ధాన్యకటక మహాస్తూపమని, అంటే విజయవాడకు ఎగువన కృష్ణ కుడిగట్టున ఉన్న అమరావతి అని టిబెటన్ సంప్రదాయం నమ్ముతుంది. లాసా శివార్లలో 1416లో వెలసిన డ్రెపుంగ్ మహావిహారానికి ఆ స్తూపం పేరే పెట్టుకున్నారు. 2006 జనవరిలో పద్నాలుగవ దలైలామా అమరావతిలోనే కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు, మంచుకొండల మధ్య పుట్టిన వేలమంది యాత్రికులు నల్లరేగడి చేల మధ్య గుడారాలు వేసుకుని రోజుల తరబడి గడిపారు. ఆ భక్తుల పవిత్ర హిమానికీ, వారు వచ్చి మొక్కిన డెల్టాకూ మధ్య మతపరమైన బంధం ఎంత ఉందో, భూవిజ్ఞానపరమైన బంధం అంతకంటే ఎక్కువే ఉంది. ఈ అధ్యాయం ఆ రెండో బంధాన్ని గురించి.

ముందుగా ఎత్తు సంగతి. విజయవాడ నేల సముద్రమట్టానికి పది ఇరవై మీటర్లకు మించి ఎత్తులో లేదు. 5,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రతీరంలో ఉండే దానిలో సగానికి కాస్త పైన మాత్రమే కనుక, ఊపిరికి అందే ప్రాణవాయువు కూడా దాదాపు సగానికి పడిపోతుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. అక్కడ నీరు 100 డిగ్రీల దగ్గర కాక సుమారు 83 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మామూలుగా ఉడికించినంత సేపట్లో సన్నబియ్యం పలుకు పలుకుగానే మిగిలిపోతుంది, అన్నం కావడానికి చాలా ఎక్కువ సేపు పడుతుంది, కుక్కరు ఉంటే పని తేలికవుతుంది. గాలి పలచబడిన కొద్దీ ఉష్ణోగ్రత కూడా కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. ఈ లెక్క ఒక్కటి చాలు, ఉష్ణమండలానికి అంత దగ్గరలో కూడా వేసవి మంచు ఎలా నిలుస్తుందో తెలియడానికి.

అయితే మంచు నిలిచినంత మాత్రాన అది హిమానీనదం కాదు. అప్పుడే కురిసిన మంచు దూదిలాంటిది, ఘనమీటరుకు వంద కిలోలు కూడా తూగదు. అందులో ఎక్కువ భాగం గాలే. ఏటికేడాది కురిసినదంతా కరగకుండా కొంత మిగిలిపోతే, పై పొరల బరువుకు కింది పొరల రేకులు విరిగి, గుండ్రని గింజలై, గింజలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ మధ్యదశ మంచును శాస్త్రజ్ఞులు ఫిర్న్ అంటారు. ఇంకా అణిగితే గింజల మధ్య గాలికి బయటికి దారి మూసుకుపోయి, చిన్న చిన్న బుడగలుగా చిక్కుకుపోతుంది. అప్పటికి ఘనమీటరు బరువు 830 కిలోలు దాటి ఉంటుంది, దాన్నే హిమానీ మంచు అంటారు. అలా చిక్కిన బుడగల్లోని గాలి ఆనాటి వాతావరణపు నమూనా కావడం వల్లనే, అంటార్కిటికా మంచులో రంధ్రాలు వేసి తీసిన కడ్డీల నుంచి లక్షల ఏళ్ల కిందటి బొగ్గుపులుసు వాయువు పాళ్లను కొలవడం సాధ్యమైంది. దళసరి మంచు నీలంగా కనిపించడానికి కారణం ఆకాశం కాదు: మంచు తన గుండా సాగే కాంతిలో ఎరుపును కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది, దారి పొడవైన కొద్దీ మిగిలేది నీలమే.

దళసరి 30 మీటర్లు దాటే సరికి మంచు తన స్వభావం మార్చుకుంటుంది. సుత్తితో కొడితే పగిలే ఆ గట్టి పదార్థమే, నిరంతరమైన ఒత్తిడి కింద మెత్తని లోహంలా సాగుతుంది. స్ఫటికాల పొరలు ఒకదాని మీద ఒకటి జారుతూ మొత్తం గడ్డ పల్లానికి నడుస్తుంది. అడుగున కరిగిన నీటి పొర ఉంటే గడ్డ రాతి మీద జారుతుంది కూడా. పైభాగం మాత్రం ఒత్తిడి లేక పెళుసుగానే ఉండిపోవడం వల్ల, కింది నేల మెట్టుదిగిన చోటల్లా పైన నిలువుగా బీటలు తెరుచుకుంటాయి. కరో లా దగ్గర ఈ సంగతి ఎంతో స్పష్టంగా చూడవచ్చు. నిట్టనిలువు రాతి గట్టు మీద వేలాడే మంచు కావడంతో, దాని ముఖం అడ్డంగా, నిలువుగా చీలి, కోసిన దిమ్మెల్లా విడివడి ఉంటుంది. ఆ తెగిన ముఖం మీద నల్లని సన్నని చారలు ఒకదాని కింద ఒకటి వరుసగా కనిపిస్తాయి. పొడికాలంలో గాలి మోసుకొచ్చిన ధూళి మంచు మీద పరుచుకుని, తరువాతి ఏటి మంచు కింద పూడిపోతే ఒక చార అవుతుంది. మధ్యలోని తెల్లని పట్టీ తడి కాలానిది. మాను వలయాలను లెక్కించినట్టు వీటిని లెక్కపెట్టవచ్చు అనుకోవడం మాత్రం తొందరపాటు, ఎందుకంటే ప్రవాహంలో పొరలు మడతలు పడతాయి, కరిగిన ఏళ్ల చారలు కలిసిపోతాయి.

హిమానీనదపు ఆరోగ్యం జమాఖర్చుల లెక్క. గాదెలో పైనుంచి ధాన్యం పోస్తూ అడుగు కంతలోంచి తీస్తూ ఉన్నట్టే, ఎగువన కురిసిన మంచు చేరుతూ ఉంటుంది, దిగువన కరిగి పోతూ ఉంటుంది. చేరిక తగ్గినా, తీత పెరిగినా గాదె మట్టం దిగుతుంది, హిమానీనదం కొస వెనక్కి జరుగుతుంది. ఆల్ప్స్ పర్వతాల్లో మంచు చలికాలంలో చేరి వేసవిలో కరుగుతుంది కనుక లెక్క తేలిక. తూర్పు, మధ్య హిమాలయాల్లోనూ దక్షిణ టిబెట్‌లోనూ చాలా హిమానీనదాలకు చేరికా కరుగూ రెండూ వేసవిలోనే, అదీ రుతుపవనాల నెలల్లోనే జరుగుతాయి. బంగాళాఖాతపు తేమ బ్రహ్మపుత్ర లోయ వెంట ఎగబాకి అక్కడ మంచుగా రాలుతుంది. అందువల్ల ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే దెబ్బ రెండువైపుల నుంచి తగులుతుంది: కరగడం ఎక్కువవుతుంది, మంచుగా పడవలసినది వానగా పడి జారిపోతుంది. తాజా మంచు పడకపోతే ఉపరితలం తెల్లదనం తగ్గి, ఎండను తిప్పికొట్టే శక్తి పోయి, కరగడం మరింత వేగమవుతుంది. వంట పొయ్యిల నుంచి, డీజిలు బండ్ల నుంచి లేచి గాలిలో తేలివచ్చే మసి ఈ నష్టానికి తోడవుతుంది.

తెలుగు యాత్రికులు ఎక్కువగా ఎరిగిన రెండు హిమక్షేత్రాలు అమర్‌నాథ్, గోముఖ్. వీటి మధ్య తేడా ఇప్పుడు స్పష్టమవుతుంది. అమర్‌నాథ్ గుహలోని లింగం, పైకప్పు నుంచి చినుకు చినుకుగా కారే నీరు నేలమీద గడ్డకట్టి పెరిగే మంచు. ఏటా పుట్టి ఏటా పోతుంది, కదలదు, కాబట్టి అది హిమానీనదం కాదు. గోముఖ్ మాత్రం చౌఖంబా శిఖరాల పాదాల నుంచి సుమారు 30 కిలోమీటర్లు సాగివచ్చే గంగోత్రి హిమానీనదపు కొస. దాని దిగువ భాగమంతా రాళ్లూ మట్టీ కప్పి ఉండటంతో మంచు మీద నిలబడి కూడా చాలామంది గులకరాళ్ల దిబ్బ మీద ఉన్నామనే అనుకుంటారు. 1935లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన జె.బి. ఆడెన్ ఆ కొసను పటంలో గుర్తించాడు. అప్పటి నుంచి అది కిలోమీటరుకు పైగా వెనక్కి జరిగింది. ఒక యాత్రాస్థలం కావడం వల్లనే దాని కొలతలు ఇంత కాలంగా పోగుపడ్డాయి, హిమాలయాల్లోని వేలాది పేరులేని హిమానీనదాలకు ఆ భాగ్యం లేదు.

ఇక కృష్ణ. మహాబలేశ్వరం దగ్గర సుమారు 1,300 మీటర్ల ఎత్తున పుట్టి, దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే ఈ నదిలో హిమానీ జలం ఒక్క చుక్క కూడా లేదు. పడమటి కనుమల మీద నైరుతి రుతుపవనాలు కుమ్మరించే వానే దీనికి పెట్టుబడి. మంచు గాదె లేని నదికి నడివేసవిలో ఇసుకే మిగులుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయిన నదే, మే నెలలో కొన్నిచోట్ల కాలినడకన దాటదగినదిగా ఉంటుంది. గంగకు, బ్రహ్మపుత్రకు మంచు చేసే పనిని కృష్ణకు శ్రీశైలం, నాగార్జున సాగర్, పులిచింతల జలాశయాలు చేయవలసి వచ్చింది. నీటి రంగులోనూ తేడా ఉంది: హిమానీనదాలు అడుగు రాతిని నూరి చేసే మెత్తని పిండి వల్ల వాటి ఏరులు పాలు కలిపినట్టు ఉంటాయి, కృష్ణ వరద మాత్రం దక్కను నల్లమట్టినీ ఎర్రమట్టినీ కలిపి తెస్తుంది.

ఇంతవరకు చూస్తే కృష్ణా డెల్టాకు మంచుతో సంబంధమే లేదనిపిస్తుంది. కాని డెల్టా అనేది నదీ సముద్రమూ కలిసి కట్టే నేల. సముద్రం ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది భూమి మీది మంచు పరిమాణం. సుమారు 20,000 ఏళ్ల కిందట, చివరి హిమయుగం పతాకస్థాయిలో ఉన్నప్పుడు, ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా కిలోమీటర్ల దళసరి మంచు కింద ఉన్నాయి. అంత నీరు నేల మీదే బిగుసుకుపోవడంతో సముద్రమట్టం నేటికంటే సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. అప్పటి కృష్ణ, నేటి తీరం దగ్గర ఆగక, ఇప్పుడు సముద్రపు అడుగైన మైదానం మీదుగా ఇంకా దూరం ప్రవహించి, తన లోయను లోతుగా కోసుకుంటూ సముద్రాన్ని చేరింది. తరువాత మంచు కరుగుతున్న వేల ఏళ్లలో సముద్రం ఆ మైదానాన్నీ ఆ లోయనూ ముంచెత్తుతూ లోపలికి వచ్చింది. నీటిమట్టం ఆగకుండా ఎక్కుతున్నంత కాలం నది ఎంత ఒండ్రు తెచ్చినా అది మునిగిపోతూనే ఉంటుంది, నేల నిలవదు. 1994లో స్టాన్లీ, వార్న్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని పలు డెల్టాల తవ్వకపు కడ్డీలను పోల్చి, అవన్నీ ఇంచుమించు ఒకే కాలంలో, సుమారు 8,500 నుంచి 6,500 ఏళ్ల కిందట, మట్టం పెరుగుదల మందగించిన తరువాతే రూపుకట్టడం మొదలుపెట్టాయని చూపారు. నైలు, గంగ, మిసిసిపీ నదులకు వర్తించిన ఆ సూత్రమే కృష్ణకూ వర్తిస్తుంది.

దీని ఆనవాళ్లు చూడటానికి ప్రయోగశాల అక్కరలేదు. విజయవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య ఇరుకు దాటిన కృష్ణ, విసనకర్ర విప్పినట్టు రెండు పక్కలా ఒండ్రు పరిచింది. పులిగడ్డ దగ్గర చీలి మధ్యలో దివిసీమను వదిలింది. ఈ పల్లపు నల్లమట్టి చేల మధ్య, తీరానికి సమాంతరంగా, కిలోమీటర్ల పొడవున సన్నని ఇసుక దిబ్బలు ఒకదాని తరువాత ఒకటి అడ్డుపడతాయి. చుట్టూ వరి, దిబ్బ మీద సరుగుడు, జీడిమామిడి, వేరుశనగ. చుట్టూ చౌడు, దిబ్బ మీద బావిలో తియ్యని నీరు. ఇళ్లు, గుళ్లు, పాత రోడ్లు ఎక్కువగా ఆ దిబ్బలనే పట్టుకుని ఉండటం, వరదకూ ఉప్పెనకూ అవి కొంత ఎత్తులో ఉండటం వల్లనే. ఆ దిబ్బ ఒక్కొక్కటీ ఒకనాటి సముద్రపు ఒడ్డు. అలలు ఇసుకను గట్టుగా పోశాయి, తరువాత నది తెచ్చిన ఒండ్రుతో తీరం ముందుకు జరిగి కొత్త గట్టు పడింది, పాత గట్టు చేల మధ్య మిగిలిపోయింది. రెండు గట్ల మధ్య నీరు నిలిచిన పల్లాలు బురద నేలలయ్యాయి, పర్రలయ్యాయి. కృష్ణా గోదావరి డెల్టాలు రెండు పక్కల నుంచి పెరిగినప్పుడు మధ్యలో పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు; ఉప్పుటేరు దానికి మిగిలిన ఒకే ఒక్క సముద్ర ద్వారం. కెనడా మీది మంచు కరగడం ఆగకపోతే బందరుకు నేల లేదు, ఈ మాటలో అతిశయోక్తి చాలా తక్కువ.

మంచుకూ ఈ ప్రాంతానికీ మరింత పాత లెక్క కూడా ఒకటి ఉంది. 1856లో ఒడిశాలోని తాల్చేరు బొగ్గు క్షేత్రాన్ని పరిశీలించిన బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్, మెత్తని బురదరాతిలో పెద్ద పెద్ద బండలు చెల్లాచెదరుగా దిగబడి ఉండటం చూసి, నీటి ప్రవాహం బండనూ బురదనూ ఒకేచోట వదలదు కనుక ఇది మంచు చేసిన పని అయి ఉండాలని సూచించారు. ఎండలు మండే దేశంలో మంచు మాట అప్పట్లో చాలామందికి మింగుడు పడలేదు. 1875లో ఫెడెన్ అనే భూవిజ్ఞాని, నేటి తెలంగాణ సరిహద్దున పారే పెన్‌గంగ నది దగ్గర ఇరాయి అనే ఊరిలో, అలాంటి బండమట్టి కింద సున్నపురాతి నేల నున్నగా సానపట్టినట్టు ఉండి, దాని మీద ఒకే దిశలో సన్నని గీతలు గీసి ఉన్నాయని ప్రకటించాడు. హిమానీనదం అడుగున ఇరుక్కున్న రాళ్లు నేలను గీకినప్పుడు పడే గుర్తులవే. కరో లా మంచు కిందా ఈ క్షణాన అలాంటివే పడుతూ ఉంటాయి. ఆ గీతల వయస్సు సుమారు 30 కోట్ల ఏళ్లు. అప్పుడు భారత భూభాగం అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలను అంటుకుని గోండ్వానా మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది. ఒకే రకపు బండమట్టి ఇప్పుడు సముద్రాల అవతల ఉన్న ఈ ఖండాలన్నిటా దొరకడం, ఖండాలు కదిలాయన్న సిద్ధాంతానికి బలమైన సాక్ష్యాల్లో ఒకటైంది.

ఆ మంచు వెనక్కి తగ్గిన తడి పల్లాల్లో అడవులు పెరిగి, పూడి, బొగ్గయ్యాయి. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలకు అడుగున ఉండేది ఈ తాల్చేరు మంచు నాటి రాతివరుసే. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి విద్యుత్తు ఇస్తున్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రం మండించే బొగ్గు తాల్చేరు గనుల నుంచీ సింగరేణి నుంచీ వస్తుంది. ఒక పాత హిమయుగం ముగిసినప్పుడు నేలలో దాగిన కర్బనం, ప్రపంచమంతటా ఇలాంటి పొగగొట్టాల గుండా గాలిలో చేరి, ఇప్పటి హిమానీనదాల జమాఖర్చులను తలకిందులు చేస్తోంది.

ఎంతగా అన్నది కొలతలే చెబుతాయి. హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో 2011–2020 మధ్య మంచు తరుగుదల అంతకుముందు దశాబ్దంకంటే 65 శాతం వేగంగా జరిగిందని ఖాట్మండులోని అంతర్జాతీయ సమీకృత పర్వతాభివృద్ధి కేంద్రం 2023లో ప్రకటించింది. భూతాపాన్ని ఒకటిన్నర డిగ్రీ దగ్గర ఆపగలిగినా ఈ శతాబ్దాంతానికి మూడోవంతు మంచు పోతుందన్నది దాని 2019 నాటి అంచనా. పెరూలో కోయ్యుర్ రీతి జాతరకు వెళ్లే భక్తులు పవిత్ర హిమానీనదం నుంచి మంచు దిమ్మెలు కోసి భుజాన మోసుకుని దిగే ఆచారాన్ని, హిమానీనదం కుంచించుకుపోవడం చూసి మానుకున్నారు. ఆచారం మానుకున్నంత మాత్రాన మంచు నిలవదని వారికీ తెలుసు, అయినా ఆ నిర్ణయంలోని వివేకాన్ని తక్కువ చేయనక్కరలేదు.

డెల్టా వైపు నుంచి చూసేవారు ఇక్కడ ఒక తారతమ్యం గమనించాలి. ప్రపంచంలోని పర్వత హిమానీనదాలన్నీ పూర్తిగా కరిగినా సముద్రం పెరిగేది సుమారు 30 సెంటీమీటర్లే. గ్రీన్‌లాండ్ మంచుకు 7 మీటర్లు, అంటార్కిటికా మంచుకు 58 మీటర్లు పెంచగల నీరు ఉంది. కనుక కరో లా వంటివి కరిగితే బందరు మునుగుతుందనడం సరికాదు. వాటి కరుగు ముందుగా తాకేది తమ కింది లోయలనే: ఆ కొండవరుస మంచునీరు పడమటికి న్యాంగ్ చూ నదిగా గ్యాంత్సే బార్లీ చేలను తడిపి యార్లుంగ్ త్సాంగ్‌పోలో కలుస్తుంది, తూర్పుకు యమ్‌డ్రోక్ సరస్సును చేరుతుంది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభం నుంచి 2018 నాటికి సముద్రమట్టం పెరిగిన సుమారు 20 సెంటీమీటర్లలో పర్వత మంచుది ఒక వాటా. వేడెక్కిన సముద్రజలం వ్యాకోచించడం, ధ్రువాల మంచు తరగడం తక్కిన ముఖ్యమైన వాటాలు.

కృష్ణా తీరానికి ఇంకొక చిక్కు ఉంది, అది మంచుది కాదు. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడం వల్ల డెల్టాకు కొత్త మట్టి అందడం బాగా తగ్గింది; పాత ఒండ్రు మాత్రం తన బరువుకు అణుగుతూనే ఉంటుంది. మునుగుతున్న డెల్టాలపై సివిట్‌స్కీ బృందం 2009లో వెలువరించిన ప్రపంచ అధ్యయనంలో కృష్ణ పేరూ ఉంది. సముద్రం ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కడం, నేల కుంగడం ఒకే చోట కలిస్తే, వాలు అంతగా లేని నాగాయలంక, కోడూరు వంటి మండలాల్లో దాని ఫలితం ముందుగా తీరరేఖ మీద కాక మురుగు కాల్వల్లో కనిపిస్తుంది: పోటు సమయాన మొగల గుండా ఉప్పునీరు ఎగదన్నుతుంది, చేలోని మురుగు బయటికి దిగదు, పంట కాల్వల చివరి ఆయకట్టులో చౌడు పైకి తేలుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో ఎంత లోపలికి వచ్చిందో చూసినవారు ఇంకా ఉన్నారు. అదే తుఫాను ఈరోజు వస్తే ఉప్పెన తన లెక్కను మరికొన్ని సెంటీమీటర్ల ఎత్తు నుంచి మొదలుపెడుతుంది.